ఉదయగిరికి నడిచి వెళ్లిన మందు

ఈ మధ్య ఏదో పని మీద మా పాత ఆఫీసుకు వెళ్లాను. కొత్తగా టీకాల కొలువులో చేరిన కుర్రవాడొకడు తపాలా బంట్రోతు మీద మండిపడుతున్నాడు. మందున్న గాజుగొట్టాలు రావలసిన రోజుకు రాలేదట. ఇలాగైతే పని ఎలా జరుగుతుందని అందరినీ అడుగుతున్నాడు. నేను వాడి పక్కన కూర్చుని, "నాయనా, నీ మందు తపాలా సంచిలో నోరు మూసుకుని వస్తుంది. నా మందు దారి పొడుగునా పాల కోసం ఏడ్చేది" అన్నాను.

ముసలాయనకు ఎండదెబ్బ తగిలిందనుకున్నాడు పాపం, మంచినీళ్లు తెప్పించాడు. వాడి కోసమూ వాడిలాంటి వాళ్ల కోసమూ ఇది రాస్తున్నాను. ఎవరి పేరూ చెప్పను. ఇందులోని పెద్దలు చాలామంది పోయారు. కాని వాళ్ల మనవలు నా పింఛను కాగితాల మీద సంతకాలు చేసే కుర్చీల్లో ఉన్నారు.

ధాత నామ సంవత్సరంలో వచ్చిన పెద్ద కరువు వెళ్లిన మరుసటి ఏడు మాట. నాకు అప్పటికి మీసం సరిగ్గా రాలేదు. నెల్లూరులో కొన్నాళ్లు పని నేర్పి, చేతికి ఒక పెట్టె, ఒక గొడుగు ఇచ్చి ఆత్మకూరుకు తోలారు. పెట్టెలో చిన్న కత్తులుంటాయి, మందుండదు. మందు మనుషుల చేతుల్లో ఉండేది. ఒక పసిబిడ్డ జబ్బ మీద గీరి మందు అంటిస్తే వారం తిరిగేసరికి అక్కడ ముత్యంలాంటి పొక్కు లేస్తుంది. ఎనిమిదో రోజున ఆ పొక్కును కత్తి మొనతో తాకితే ఊరే రసమే మందు. దాన్ని అప్పటికప్పుడు ఇంకో బిడ్డ చేతికి అంటించాలి. ఒకటి రెండు రోజులు దాటితే పొక్కు ఎండిపోతుంది, మందు చచ్చిపోతుంది. గాజు పలకల మధ్య పట్టి పంపినా మన వైపు ఎండలకు దారిలోనే చచ్చేది. కనుక మందు ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పోవాలంటే పొక్కు లేచిన బిడ్డ పోవాలి. బిడ్డ పోవాలంటే తల్లి పోవాలి. తల్లి ఎలా పోవాలన్న దగ్గర మా శాఖ తెలివి ఆగిపోయేది.

ఆ కార్తీకంలో ఉదయగిరిలో అమ్మవారు పోసిందని కబురు వచ్చింది. మశూచికాన్ని మన వైపు ఆ పేరుతోనే పిలుస్తారు. అక్కడ అధికారం చేసే పంతులుగారు మనిషి మీద మనిషిని పంపుతున్నాడు, మందు వెంటనే రావాలని. ఆత్మకూరులో నేను అప్పటికి కొందరు బిడ్డలకు టీకాలు వేసి ఉన్నాను. వెళ్లి చూస్తే ఊళ్లోని బిడ్డల చేతులన్నీ వేపాకు, పసుపు వేసి రుద్ది కడిగేసి ఉన్నాయి. అమ్మవారికి కోపం వస్తుందని అవ్వలు చేసిన పని. మాదిగపల్లెలో వేసినవి బాగానే పొంగాయి. కాని ఆ తల్లులు బిడ్డలను చంకనేసుకుని సంగం వైపు నాట్లకు పోయారు. ఒక్క ఆడపిల్ల మాత్రం పల్లెలో మిగిలింది. దాని తండ్రి తోళ్లు కుట్టేవాడు. కొత్తగా కిరస్తానం పుచ్చుకున్న కుటుంబం. టీకా వేసి అది ఐదో రోజు, బిడ్డ జబ్బ మీద నాలుగు పొక్కులు నాలుగు సన్నజాజి మొగ్గల్లా లేస్తున్నాయి.

తల్లికి ఇరవై ఏళ్లుంటాయేమో. సన్నంగా, నల్లగా, మాటకు మాట అప్పజెప్పే మనిషి. ఉదయగిరికి రమ్మని అడిగాను. ఎంతో బతిమాలాలని సిద్ధపడి వెళ్లాను గాని ఆమె అప్పుడే ప్రయాణానికి చాప చుట్టి పెట్టుకుంది. ఉదయగిరి మాదిగపల్లెలో ఆమె అక్క ఉంది, అక్కకు ముగ్గురు బిడ్డలు. ఈమెకు తొలిచూలు కొడుకు కరువులో అమ్మవారు పోసి పోయాడు. అంతకుమించి నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

ఇక బండి. ఆత్మకూరులో మాబోటి చిన్న ఉద్యోగుల మీద పెత్తనం చేసే అధికారి ఒకాయన ఉండేవాడు. ఆయన హోదా చెబితే మనిషి ఎవరో తెలిసిపోతుంది కనుక పెద్దాయన అంటాను. మంచివాడే. ఏ పనీ చెయ్యనని ఎన్నడూ అనలేదు. ప్రతి పనికీ ఒక పద్ధతి ఉంటుందనేవాడు, ఆ పద్ధతి దొరికేదాకా పని ఆగేది. కరువులో ఎద్దులు చచ్చిపోయి తాలూకాలో బండ్లు కరువైన రోజులవి. అయినా ఆయన గట్టిగా ఉత్తరువు వేసి పక్క ఊరి రెడ్డిగారి బండి తెప్పించాడు. ఎద్దులు రెండూ కరువు చూసి బతికినవే. వాటిని చూస్తే మనం బండి దిగి వాటిని ఎక్కించుకోవాలనిపించేది.

కచ్చేరి ముందు బండి ఆగింది. తల్లి బిడ్డను ఎత్తుకుని దూరంగా నిలబడింది. బండివాడు ఆమెను చూసి నన్ను చూసి, కాడి మీద చెయ్యేసుకుని నిలబడిపోయాడు. ఆ బండిలో తమ అమ్మగారు తిరణాలకు పోతారని, ఈ మనిషి ఎక్కిన బండిని తిరిగి తోలుకుపోతే తన కొలువు పోతుందని మెల్లిగా చెప్పాడు. అబద్ధమేమీ కాదు, పోతుంది.

పెద్దాయన బయటికి వచ్చాడు. గుమాస్తా వచ్చాడు. బంట్రోతులు వచ్చారు. విచారణ మొదలైంది. బండి రెడ్డిగారిది, పని సర్కారుది, మనిషి మాదిగ. ముగ్గురినీ ఒక్కచోట కూర్చోబెట్టే పద్ధతి పెద్దాయనకు తోచలేదు. చాలాసేపు గడ్డం నిమురుకుని చివరికి తీర్పు చెప్పాడు.

"బిడ్డ మాదిగ బిడ్డే. కాని చేతి మీద పొక్కు సర్కారుది. బండి సర్కారు పని మీద వచ్చింది. కనుక పొక్కు బండెక్కవచ్చు."

తల్లి సంగతేమిటని గుమాస్తా అడిగాడు.

"తల్లి మీద పొక్కు లేదు గదా" అన్నాడు పెద్దాయన.

అది ఎవరూ కాదనలేని మాట. బండివాడు కూడా కాస్త మెత్తబడ్డాడు. గడ్డి పరిచి దాని మీద గోనెపట్టా వేసి బిడ్డను అందులో పెడితే పట్టా తర్వాత పారేయవచ్చన్నాడు. తల్లి బండి వెనక నడిచి వస్తుంది. అందరూ ఆమె వైపు చూశారు, ఇంత చేశాం కదా అన్నట్టు.

ఆమె నెమ్మదిగా అన్నది: "సామీ, ఆ పొక్కుకు ఒక నోరుండాది. అది గంటకోపారి పాలడగతాది. బండోడిస్తాడా, మీరిస్తారా?"

ఆమె బిడ్డను చంక మార్చుకుని, "దూరం పొయ్యేదాన్ని, పొద్దు పోతా ఉండాది" అని దారి పట్టింది. అంతే.

అంతటితో బండి వెనక్కి పోవలసింది. కాని బండి ఉదయగిరికి పోవాలని ఉత్తరువు ఉంది. పోవద్దని ఇంకో ఉత్తరువు లేదు. కనుక బండి బయలుదేరింది. అందులో ఎవరో ఒకరు ఉండాలి గనుక నేనెక్కాను. ఆ రోజు ఆత్మకూరు పొలిమేరలో ఎవరైనా ఎదురుపడి ఉంటే చూసి ఉండేవారు: ముందు మందు కాలినడకన పోతూ ఉంది, వెనక మందు వేసేవాడు గొడుగు వేసుకుని బండిలో పోతున్నాడు. కాసేపటికి మందు బాగా ముందుకు పోయింది. ఇంకాసేపటికి కనపడలేదు.

పెద్ద ఎద్దు మధ్యాహ్నానికి దారి మధ్యన పడుకుంది. కొట్టినా, బెల్లం పెట్టినా లేవలేదు. బండివాడు దాని పక్కనే కూర్చుని దాని మెడ నిమురుతూ, కరువులో దానికి ఇంటి మీది కప్పు పీకి పెట్టిన సంగతి చెప్పసాగాడు. నేను పెట్టె నెత్తిన పెట్టుకుని నడక మొదలుపెట్టాను. ఆ బండి ఉదయగిరి చేరలేదు గాని కాగితాల్లో మాత్రం చక్కగా చేరింది. కష్టకాలంలో రవాణా ఏర్పాటు బాగా చేశాడని పెద్దాయనను పైవాళ్లు మెచ్చుకున్నారని తర్వాత విన్నాను.

ఆమెను బొగ్గేరు ఒడ్డున కలుసుకున్నాను. చింతచెట్టు కింద కూర్చుని బిడ్డకు పాలిస్తోంది. నన్ను చూసి, "బండేది సామీ?" అన్నది.

"పడుకుంది" అన్నాను.

ఆమె నవ్వలేదు, కాని బిడ్డ మీద కొంగు సర్దుకోవడానికి తల అటు తిప్పుకుంది.

నవ్వవలసిన పరిస్థితి కూడా కాదు. పైన కొండల్లో వాన పడ్డట్టుంది, ఏరు ఎర్రగా పారుతోంది. దాటే చోట నడుముకు పైన నీళ్లు. ఆమె దాటగలదు. నేను కూడా ఎలాగో దాటుతాను. బిడ్డ చెయ్యి మాత్రం తడవకూడదు, రాచుకోకూడదు. పొక్కు చిదికితే అయిపోయింది. నెత్తిన పెట్టుకుని దాటుదామంటే కాలు జారితే చెయ్యే కాదు, బిడ్డే దక్కదు. తగ్గేదాకా ఆగుదామంటే ఎనిమిదో రోజు ఆగదు.

ఆమె అటూ ఇటూ చూసి, ఏటిగట్టు పైనున్న చేను వైపు నడిచింది. అక్కడ ఎద్దులతో తోడించే కపిల బావి ఉంది. వానలు పడ్డాయి కనుక కపిల ఆగి ఉంది. నీళ్లు తోడే తోలు బాన కొట్టంలో వేలాడుతోంది. పెద్ద పొట్ట, అడుగున తొండం, మూతికి ఇనుప చుట్టు. ఆ చేను కాపు అక్కడే దొడ్డి కట్టుకుంటున్నాడు, ముసలివాడు. బాన ఇమ్మని దూరం నుంచే అడిగింది. తొండం మడిచి గట్టిగా కట్టి, లోపల గడ్డి పరిచి, బిడ్డను కూర్చోబెట్టి నీళ్ల మీద తోసుకుపోతానంటే ఆయన నోరు తెరిచాడు. అందులో మాదిగ బిడ్డను పెడితే రేపు ఆ నీళ్లు తామెలా తాగాలన్నాడు.

"ఆ బాన కుట్టింది మావోళ్లే గదా పెదరెడ్డీ. కుట్టేటప్పుడు దాంట్లోనే కూకొని కుడతారు" అన్నది ఆమె.

ఆ తోలు ఏ ఆవుదో, ఎవరు చీల్చారో, ఎవరు నానబెట్టారో ముసలాయనకు తెలియక కాదు. నీళ్లు పైరుకు పారేటప్పుడు, చెంబులోకి వంచుకునేటప్పుడు ఆ సంగతి గుర్తు రాకూడదని అందరి మధ్యా ఒక ఒప్పందం. దాన్ని ఆమె పట్టపగలు బయట పెట్టింది. ఆయన చివరికి ఇంకో అభ్యంతరం పట్టుకున్నాడు.

"పిల్ల దాంట్లో ఒంటికి పోస్తేనో?"

"నీళ్లు పొయ్యడానికే గదా అది ఉండేది" అన్నది.

ముసలాయన పగలబడి నవ్వాడు. బాన దింపడమే కాదు, తొండం తనే కట్టాడు, తాడు తనే పట్టాడు. ఆ ఏట్లో అడుగున రాళ్లెక్కడున్నాయో ఆయనకు తెలుసు. ముందు ఆయన, మధ్యలో బాన, బానను రెండు చేతులా పట్టుకుని ఆమె, ఆ వెనక ఆమె చెప్పిన చోటల్లా కాలు పెడుతూ పెట్టెతో నేను. ఏటి నడుమన బాన ఒక్కసారి గిరుక్కున తిరిగింది. బిడ్డ మాత్రం ఇనుప చుట్టు పట్టుకుని, ఊయలలో ఊపినట్టు కేరింతలు కొట్టింది. సర్కారు పొక్కులు నాలుగూ ఆవలి ఒడ్డుకు చుక్క తడి లేకుండా చేరాయి. బాన మాత్రం లోపల తడిసింది, ముసలాయన అనుమానం నిజమైంది. ఆయన చూశాడు, చూడనట్టు బోర్లించాడు.

ఆ దారిలోనే ఆమె నాకు ఒక షరతు పెట్టింది. ఒక చేతి రసం మహా అయితే పదిమంది బిడ్డలకు చాలుతుందని నా మాటల్లో విన్నది.

"మా అక్క బిడ్డలకు ముందర. ఆ తర్వాత నువ్వు కోటకు పెట్టుకో, కొండకు పెట్టుకో."

అలా మాట ఇచ్చే అధికారం నాకు లేదు. ఇచ్చాను. తర్వాత దారిలోని దుత్తలూరు దాకా దాని ఫలితం లెక్కవేసుకుంటూ నడిచాను. పంతులుగారు మనిషి మీద మనిషిని పంపింది పల్లె బిడ్డల కోసం కాదని నాకు తెలుసు. ఆయన ఇంట్లో పాకే మనవడున్నాడు. పెద్ద వీధిలో ఇంకా చాలామంది మనవలున్నారు. వాళ్లందరినీ పక్కనబెట్టి నేను పల్లెలో కూర్చుంటే, మర్నాడు ఆత్మకూరులో నా గొడుగు ఇంకొకడి చేతిలో ఉంటుంది.

ఉదయగిరి కొండ కనపడేసరికి ఎనిమిదో రోజు పొద్దెక్కింది. ఊరి ముందర పంతులుగారు, శాస్త్రిగారు, పెద్ద రైతులు, ఒక సన్నాయి, ఒక డోలు. బండిలో మందు వస్తోందని కబురు అందింది కనుక ఎదురు వచ్చారు. పంతులుగారు నా వెనక దారి పొడుగునా చూశాడు.

"బండి ఏదయ్యా?"

"రాలేదండీ."

"మరి మందు?"

నేను పక్కకు తప్పుకున్నాను. ఆమె దూరంగా, గట్టు కింద నిలబడి ఉంది. బిడ్డ మోదుగాకు నములుతోంది. సన్నాయివాడు బుగ్గల నిండా పీల్చుకున్న గాలిని మెల్లిగా వదిలేశాడు.

చావడిలో సభ కూర్చుంది. పొక్కు సంగతి, రసం సంగతి నేను చెప్పాను. ఆ రసం పంతులుగారి మనవడి నెత్తుటిలో కలవాలని చెప్పేసరికి పంతులుగారు కండువా తీసి దులుపుకున్నాడు. ఏ కులం బిడ్డ నుంచైనా మందు ఒకటే అన్నాను. ఆ మాట నా వయసుకు ఎక్కువైందని అందరి ముఖాల్లోనూ కనపడింది. అలాగని మందు వద్దనడానికీ ఎవరికీ ధైర్యం లేదు. అప్పటికే కింది వీధిలో రెండు ఇళ్లకు వేపమండలు కట్టి ఉన్నాయి. అందరూ శాస్త్రిగారి వైపు తిరిగారు.

శాస్త్రిగారు నడివయసు మనిషి, మెత్తని గొంతు. నిజంగా చదువుకున్నవాడు. కళ్లు మూసుకుని దారి చూపాడు. నది ఒక చోట మైలపడినా పారుతూ పారుతూ శుద్ధి అవుతుంది. ఇదీ అంతే. ఈ రసం నేరుగా రాకూడదు. ముందు పల్లె బిడ్డలకు వెయ్యాలి. వాళ్ల నుంచి గొల్లపాలెం బిడ్డలకు, వాళ్ల నుంచి కాపుల వీధికి, అక్కడి నుంచి అగ్రహారానికి రావాలి. చేతులు మారే కొద్దీ దోషం తరుగుతుంది.

అందరూ తలలూపారు. శాస్త్రమూ నిలిచింది, మందూ దక్కింది. చేతికీ చేతికీ మధ్య ఎనిమిదేసి రోజులు పడుతుందని నేను గుర్తు చేశాను. పద్ధతి అన్నాక కొంత ఆలస్యం తప్పదన్నారు.

నేను బయటికి వచ్చి ఆమెకు ఆ తీర్మానం చెప్పాను. ముందర పల్లె, కడపట అగ్రహారం. ఆమె నమ్మలేదు, మళ్లీ చెప్పించుకుంది. తర్వాత చావడి వైపు తిరిగి దణ్ణం పెట్టింది. ఎగతాళికి కాదు, నిజంగానే పెట్టింది. నా కొలువు మొత్తంలో ఏ వరసలోనైనా పల్లె మొదట నిలబడటం నేను చూసింది ఆ ఒక్కసారే, అదీ ఊరి పెద్దలంతా ఒక్క మాట మీద ఒప్పుకుని నిలబెట్టింది.

ఆ మధ్యాహ్నమే పల్లెలో కూర్చున్నాను. అక్క బిడ్డలు ముగ్గురికీ వేశాను, ఆ తర్వాత మరికొందరికి. రసం ఇంకా కొద్దిగా ఊరుతూ ఉండగా, ఊరి వైపు నుంచి ఒక ముసలావిడ వస్తూ కనపడింది. తెల్లని ముసుగు, చంకలో ఎర్రని బిడ్డ. పట్టపగలు, నడివీధిన, ఎవరి నుంచీ దాక్కోకుండా నడిచి వచ్చింది. పంతులుగారి తల్లి. ముఖమంతా అమ్మవారి మచ్చలు, ఒక కన్ను మూసుకుపోయి ఉంది.

పల్లె అంచున రాయి మీద కూర్చుని, ముని మనవడి చెయ్యి నా ముందుకు చాపింది. శాస్త్రిగారి తీర్మానం గుర్తు చేశాను, వాళ్ల వరస ఇంకా చాలా దూరముందన్నాను.

"వరస వచ్చేదాకా అమ్మవారు మా అరుగు మీద కూర్చుని ఉంటుందిరా? నా కన్ను పోయినప్పుడు నాకు ఐదేళ్లు. ఏ శాస్త్రం తెచ్చిచ్చింది దాన్ని? వెయ్యి" అన్నది.

వేశాను. ఇద్దరు బిడ్డలు ఒకరి చెయ్యి ఒకరికి తగిలేంత దగ్గరగా కూర్చోక తప్పదు కదా. మాదిగ బిడ్డ పంతులుగారి మనవడి మొలతాడు పట్టుకుని లాగింది. ముసలావిడ దాని పేరేమిటని అడిగింది. కిరస్తానం పేరు, ఆవిడకు నోరు తిరగలేదు. రెండు సార్లు ప్రయత్నించి, మంచి పేరేనని ఒప్పేసుకుని లేచింది. ఇంటికి పోయి తలస్నానం చేసిందట. ముని మనవడికి మాత్రం ఎనిమిది రోజులు ఎవరినీ నీళ్లు పొయ్యనివ్వలేదు. పంతులుగారికి ఇదంతా తెలియదు. మనవడి జబ్బ మీద పొక్కు ముత్యంలా లేచినా, రోజూ వాణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకుని ఆడిస్తూ కూడా ఆయనకు కనపడలేదు. అంత పెద్ద అధికారికి కనపడకపోవడం కూడా ఒక నేర్పే.

తిరుగు ప్రయాణానికి బండి అడగబోతే, వచ్చేటప్పుడు పొక్కు సర్కారుది గనుక బండి వచ్చింది, పొక్కు ఎండాక సర్కారుకు సంబంధమేముందని పంతులుగారి గుమాస్తా అడిగాడు. వచ్చిన బండి ఏదో నేనూ అడగలేదు. ఆమె అక్క దగ్గరే ఉండిపోయింది. అక్కకు కలుపు తీతలు ఉన్నాయి, బిడ్డలను చూసే మనిషి కావాలి.

అమ్మవారు మాత్రం చావడి తీర్మానం వినలేదు. గొల్లపాలెం, కాపుల వీధి దాటుకుంటూ వరసగా పోకుండా నేరుగా అగ్రహారంలోకి నడిచింది. వెళ్లిన మొదటి ఇల్లు శాస్త్రిగారిది. కూతురు, ఆరేళ్ల పిల్ల. ముందు జ్వరమన్నారు. తర్వాత గుమ్మానికి వేపమండ కట్టారు. ఒక ఉదయం ఆ మండ తీసేశారు, పిల్ల దక్కలేదు. ఆ వీధి గుండా నేను పోలేదు. పెట్టె పట్టుకుని చుట్టు దారిన పోయేవాణ్ణి.

రెండో విడతకు మళ్లీ పల్లెకు పోయిన రోజు, గొల్లపాలెం తల్లులు బిడ్డలతో వచ్చి కూర్చున్నారు. పల్లె బిడ్డల చేతులు బాగా పండాయి. కత్తి తుడుచుకుంటూ తలెత్తితే దారిలో శాస్త్రిగారు నిలబడి ఉన్నాడు. పైన కండువా లేదు. చంకలో రెండేళ్ల కొడుకు. ఎప్పటి నుంచి నిలబడి ఉన్నాడో తెలియదు. పల్లెకూ దారికీ మధ్య మోకాలెత్తు రాళ్ల వరస ఒకటి ఉంటుంది, దాని అవతల ఆగాడు. గొల్ల తల్లులు లేచి నిలబడ్డారు. వరసలో ఆయన కడపటివాడు. ఆ వరస పెట్టింది ఆయనే. ఆ మాట అక్కడున్న ప్రతి ఒక్కరికీ తెలుసు, ఒక్కరూ అనలేదు.

మందు మోసుకొచ్చిన ఆ తల్లి తన బిడ్డను కింద దింపి, అక్క కొడుకును ఎత్తుకుని వచ్చి నా పక్కన కూర్చోబెట్టింది. వాడి జబ్బే అన్నిటికన్నా బాగా పొంగింది.

"దగ్గరికి రాండి సామీ. ఆడ నిలబడితే చెయ్యి అందదు" అన్నది.

ఆయన రాళ్లు దాటి వచ్చాడు. మట్టిలో మఠం వేసుకుని కూర్చుని కొడుకును తొడ మీద పెట్టుకున్నాడు. అక్క కొడుకు కత్తిని చూసి గింజుకోసాగాడు. చెయ్యి కదిలితే పొక్కు చిదికిపోతుంది, ఎవరైనా పట్టుకోవాలి. ఆమె వాడి నడుము, కాళ్లు పట్టుకుంది. మోచెయ్యి ఇంకా ఆడుతూనే ఉంది. శాస్త్రిగారు ఒక్క క్షణం చూసి, చెయ్యి చాచి ఆ మోచెయ్యి పట్టుకున్నాడు. ఒక చేత్తో ఆగకపోతే రెండో చెయ్యి కూడా వేశాడు. నేను వంగి పని చేశాను. ఆయన కొడుకు ఏడ్చాడు, వీడూ ఏడ్చాడు. ఆ కొడుకు ఆ సంవత్సరం బతికి బట్టకట్టాడు, అది నాకు తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం అక్కడ ఎవరికీ ఏమీ తెలియదు. పని ముగించి కత్తి తుడిచి, "అయిపోయింది శాస్త్రిగారూ, ఇక వదలవచ్చు" అన్నాను.

ఆయన ఆ మోచెయ్యి వెంటనే వదలలేదు.